కొట్లో దొరకని నంబర్ వన్

మంచి పాట కట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు చాలు. అది ఎవరి చెవినా పడకుండా చూడాలంటే మాత్రం చాలామంది పెద్దలు కలిసి పనిచెయ్యాలి. ఈ రంగంలో 1972లో అమెరికాలోని మెంఫిస్ నగరం చూపించిన పనితనానికి ఇంకా సాటి రాలేదని మా రసికవర్గం ఏకగ్రీవంగా తేల్చింది.

బ్యాండ్ పేరు బిగ్ స్టార్. గిటార్లూ గొంతులూ క్రిస్ బెల్, అలెక్స్ చిల్టన్‌లవి. బేస్ ఆండీ హమ్మెల్, డ్రమ్స్ జోడీ స్టీఫెన్స్. పేరేమీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆ ఊళ్లో బిగ్ స్టార్ అనే కిరాణా సూపర్‌మార్కెట్లు ఉండేవి, ఆ బోర్డు చూసి పెట్టేసుకున్నారు. అంతటితో ఆగక, తొలి ఆల్బమ్‌కి 'నంబర్ 1 రికార్డ్' అని నామకరణం చేశారు. ఇంటిపేరు కస్తూరివారు సామెత ఆ దేశంలో లేకపోవడం వల్ల వారించే పెద్దదిక్కు లేకపోయింది. ఫలితం ఏమిటంటే, బిగ్ స్టార్ కొట్లో ఉల్లిపాయలు దొరికేవి, రికార్డుల కొట్లో బిగ్ స్టార్ దొరికేది కాదు.

ఉపేక్ష పండాలంటే ముందు సరుకు నాణ్యంగా ఉండాలి. చెత్త రికార్డు అమ్ముడుపోకపోతే అది న్యాయం, ముప్ఫై ఏళ్ల తర్వాత దాన్ని తవ్వితీసి ఎవరూ కంటతడి పెట్టరు. ఈ విషయంలో కుర్రాళ్లు ఏ లోపమూ చెయ్యలేదు. ఆర్డెంట్ స్టూడియో యజమాని జాన్ ఫ్రై వాళ్లకి రికార్డింగ్ విద్య నేర్పి, రాత్రిళ్లు వాడుకోమని స్టూడియో కూడా అప్పగించాడు. పేరుమోసిన బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ మూడో ఆల్బమ్ మిక్సింగ్ జరిగింది అక్కడే. అంటే పరికరాల మీద నెపం వేసే అవకాశం కూడా మనకి మిగల్చలేదు.

వీళ్ల బాణీ పేరు పవర్ పాప్. అంటే బీటిల్స్ రాగానికి ద హూ బ్యాండ్ బలం తగిలించడం. చెప్పడానికి తేలిక, చెడగొట్టడం ఇంకా తేలిక. గిటారుకి డిస్టార్షన్, అంటే శబ్దాన్ని గరగరలాడించే మోత, ఒక చుక్క ఎక్కువైతే చాలు, కార్డ్‌లో కలిసి మోగే స్వరాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ముందు నలిగేది గాంధారం. కార్డ్ మేజరో మైనరో చెప్పేదే ఆ గాంధారం కనక, పాటలో తీపంతా దానితోనే పోతుంది. అందుకని మోత తగ్గించి, శబ్దం హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్ అనే పరికరంతో తీగ మోగే వ్యవధి పెంచాలి. ఎడమచేయి కింది మెట్ల మీద కార్డులు మారుస్తున్నా, సన్నతీగలు రెండిటినీ వీలైనచోటల్లా నొక్కకుండా వదిలెయ్యాలి. అప్పుడు అన్ని కార్డుల వెనకా తంబురా శ్రుతిలాగా ఒకే గలగల నిలుస్తుంది. గొంతు బలంగా వినిపించాలంటే అదే వరస రెండోసారి పాడి మొదటిదాని మీద పేర్చాలి. రెండోసారి మాట చివరి 'ట'లూ 'స'లూ మింగెయ్యాలి, లేకపోతే రెండు గొంతులూ ఒక్క క్షణంలో కలవక ఎక్కిళ్లు పెట్టినట్టు వినిపిస్తుంది. ఈ తరహా పాటలు ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లలో సగంమంది బోల్తా పడేది ఇక్కడే.

ఈ ఆల్బమ్‌లో ఆ ఎక్కిళ్లు లేవు. మొదటి పాట 'ఫీల్'లో బెల్ గొంతు చిరిగిపోయేలా అరుస్తాడు, అయినా వెనక గిటార్లు అద్దంలా స్పష్టంగా ఉంటాయి. 'థర్టీన్' దగ్గరికి వచ్చేసరికి డ్రమ్స్ తీసేశారు. మామూలు చెక్క గిటార్లు, మెల్లగా పాడే గొంతులు, రెండున్నర నిమిషాలు. పదమూడేళ్ల కుర్రాడి బెరుకుకి అంతకన్నా ఒక్క వాద్యం ఎక్కువైనా అది పెళ్లి ఊరేగింపు అయ్యేది. హమ్మెల్ రాసిన 'ద ఇండియా సాంగ్' కూడా ఉంది, ఇండియా వెళ్లి హాయిగా బతకాలనే కోరిక. పన్నెండు పాటల్లో మన వాటా అది. చాలామంది దాన్ని దాటేసి తర్వాతి పాటకి వెళ్లిపోతారు, మనం మనసులో పెట్టుకోనక్కర్లేదు.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటాం కదా. ఇక్కడ తిరగబడింది. నోట్లో అమృతమే ఉంది, శని అంగట్లో కూర్చుంది.

ఆర్డెంట్ స్టూడియోవాళ్ల సొంత రికార్డు లేబుల్ సరుకు కొట్లకి చేర్చే బాధ్యత స్టాక్స్ కంపెనీది. ఓటిస్ రెడ్డింగ్, ఐజాక్ హేస్ లాంటివాళ్లని అందించిన, నల్లజాతివారి సోల్ సంగీతపు ఇల్లు అది. నలుగురు తెల్లకుర్రాళ్ల గిటారు పాటలు ఎవరి చేతిలో పెట్టాలో వాళ్లకి పాలుపోలేదు. ఈ వ్యాపారంలో రేడియోలో పాట మోగిన వారమే రికార్డు కొట్లో ఉండాలి. వినేవాడు వచ్చి అడిగి, లేదనిపించుకుని పోతే రెండోసారి రాడు. అమ్మకాలు లేవని కొట్టువాడు చెబుతాడు, అది విని రేడియోవాడు పాట ఆపేస్తాడు, రేడియోలో లేదని కొట్టువాడు తెప్పించడం మానేస్తాడు. ఎవరి తప్పూ లేకుండా పని పూర్తవుతుంది. మొదటి విడతలో అమ్ముడైనవి 10,000 కూడా దాటలేదు.

అంతమాత్రాన సరిపెట్టుకుంటే అది సాధారణ ఉపేక్షే అయ్యేది. పంపిణీ కోసం స్టాక్స్ అప్పుడే పెద్ద కంపెనీ కొలంబియాతో ఒప్పందం చేసుకుంది. కొలంబియాకి ఊరూరా ఉండే చిన్న పంపిణీదార్లతో బేరం ఇష్టంలేదు. దాంతో అప్పటికే కొట్లో ఉన్న ప్రతులు కూడా వెనక్కి వెళ్లాయి. లేని సరుకు అమ్మకపోవడం ఎవరైనా చేస్తారు, ఉన్నదాన్ని బీరువాలోంచి తీసి మరీ అమ్మకపోవడం కార్పొరేట్ నైపుణ్యం.

విమర్శకులు మాత్రం మెచ్చుకున్నారు. ఇందులో ప్రతి పాటా సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, విడుదల చెయ్యదగ్గదేనని బిల్‌బోర్డ్ పత్రిక రాసింది. 1973 మేలో రాక్ సంగీత విమర్శకులని వందమందికి పైగా రికార్డు కంపెనీవాళ్లు తమ ఖర్చుతో మెంఫిస్‌కి రప్పించి సదస్సు పెట్టారు, అప్పటికి బెల్ బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు, మిగిలిన ముగ్గురూ వాయించారు, విమర్శకులు లేచి గంతులేశారట. విమర్శకుడికి రికార్డు ఉచితంగా వస్తుందన్న ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. గంతులు అమ్మకాల పుస్తకంలోకి ఎక్కవు.

తర్వాత వారసులమంటూ బ్యాండ్లు బయల్దేరాయి. ఆర్.ఈ.ఎమ్., టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, 1987లో ఏకంగా 'అలెక్స్ చిల్టన్' అనే పాటే కట్టిన రీప్లేస్‌మెంట్స్. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికే తావు లేదు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక సర్వకాల ఉత్తమ ఆల్బమ్‌లు 500 ఎంచితే 'నంబర్ 1 రికార్డ్'కి 438వ స్థానం వచ్చింది. పేరు మార్చాలని మాత్రం ఎవరూ ప్రతిపాదించలేదు.

మా రసికవర్గానికి ఇందులో స్వార్థం లేకపోలేదు. ఆ ఏడాదే పదిలక్షలు అమ్ముడై ఉంటే అది నాలుగో ఇంటి పిన్నిగారి అలమరలో కూడా ఉండేది. అప్పుడు "బిగ్ స్టార్ విన్లేదా మీరు?" అని కనుబొమ్మ ఎత్తే హక్కు మాకు ఎక్కడినుంచి వచ్చేది? ఈ కనుబొమ్మ ఖర్చు ఎవరు భరించారో కూడా చెప్పుకోవాలి. క్రిస్ బెల్ 1978 డిసెంబర్ 27న కారు ప్రమాదంలో పోయాడు. వయసు 27.

ఇరవై ఏళ్లు గడిచాక, 1998లో అమెరికా టీవీలో 'దట్ సెవెంటీస్ షో' మొదలైంది. దాని శీర్షిక గీతం ఈ ఆల్బమ్‌లోని 'ఇన్ ద స్ట్రీట్'. పాడింది బిగ్ స్టార్ కాదులెండి, వేరేవాళ్ల చేత పాడించారు. వారం వారం దేశమంతా విన్న బిగ్ స్టార్ పాట అది. చిల్టన్ ఆ కార్యక్రమాన్ని 'దట్ సెవెంటీ డాలర్ షో' అనేవాడు. ప్రసారమైన ప్రతిసారీ తన వాటాకి వచ్చేది 70 డాలర్లట. పదహారేళ్లకే 'ద లెటర్' అనే పాట పాడి హిట్ల పట్టికలో నిజంగానే నంబర్ వన్ చూసొచ్చిన మనిషి, లెక్క మాత్రం ఖచ్చితంగా గుర్తుపెట్టుకున్నాడు.