కొండ కింద జువాలజీ

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టనబెట్టుకున్న తరువాత భక్తులకు చేతికర్రలు పంచారు, అడవిలో బోన్లు పెట్టారు, చిరుతల రాకపోకల గురించి డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ నిపుణుల సలహా తీసుకున్నారు. నిపుణులను అడగడంలో తప్పేమీ లేదు. అయితే కొండ కిందనే 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 2005లో ఏర్పడిన పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, 2015 నుంచి ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) కూడా ఉంది. తిరుమల అడవిలో ఏ జంతువు ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరిని అడగాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మొట్టమొదట గుర్తుకు రావలసినవి ఇవే. అలా గుర్తుకు రావాలంటే జంతుశాస్త్రంలో మన పీజీ చదువు ప్రయోగశాల గడప దాటాలని మేము కోరుతున్నాము.

ఎమ్మెస్సీ జువాలజీ అంటే ఒకప్పుడు మైనపు ట్రేలో గుండుసూదులతో బిగించిన కప్ప. ఆ కోతలను మాన్పించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో డిగ్రీ, పీజీ తరగతుల్లో వాటిని నిలిపివేయమంది. లక్షల ప్రాణాలు దక్కాయి, సంతోషమే. కానీ కత్తెర పక్కన పెట్టిన గంటలలో విద్యార్థి చెరువు గట్టుకు వెళ్లవలసింది పోయి తెర మీద బొమ్మలు చూస్తూ కూర్చుంటే, చచ్చిన కప్పనూ చూడక, బతికిన కప్పనూ చూడక పట్టా పుచ్చుకుంటాడు. చెరువులో బెకబెకమనే కప్ప ఏ జాతిదో చెప్పలేని ఎమ్మెస్సీని ఏమనాలో మాకు తెలియడం లేదు.

చూడడానికి ఇక్కడ కొరత లేదు. శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ కేంద్రమైంది. అందులోని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం అంతకుముందు 1989 నాటిది. రాతి పగుళ్లలో గుంపుగా గుడ్లు పెట్టే బంగారు బల్లి, రాత్రి పూట కొమ్మల మీద మెల్లగా కదిలే దేవాంగపిల్లి ఈ కొండల నివాసులే. 2022లో జిల్లాలు మారాక పులికాట్ సరస్సూ, గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టే నేలపట్టూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిత్తూరు వైపు వెళ్తే కౌండిన్య అభయారణ్యం చుట్టూ పలమనేరు, కుప్పం రైతులు ఏనుగుల గుంపు ఏ రాత్రి ఏ చేలో పడుతుందో తెలియక కాపలా కాస్తుంటారు. అదుపు చేయడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన ఏనుగులను, తెచ్చారు. కుంకీ ఏనుగును తరమగలదే గాని, అది మళ్లీ అదే చేనుకు ఎందుకు వస్తుందో చెప్పదు. అది తేల్చవలసింది పరిశోధక విద్యార్థి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పొట్టి పుంగనూరు ఆవుల మంద ఉంది. జన్యుశాస్త్రం పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది?

అధ్యాపకుల మాట కూడా వినాలి. అభయారణ్యంలో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి, జాతీయ ఉద్యానవనానికీ అదే నిబంధన వర్తిస్తుంది. చట్టం సరైనదే. అయితే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఉండేది ఒక్క సెమిస్టర్. కాగితం చేతికి రావడం నెలల తరబడి ఆలస్యమైతే అందులో మిగిలేది కొద్ది రోజులే. ఏ అనుమతీ అక్కరలేని ప్రయోగశాల చేపల తొట్టి వైపు ప్రాజెక్టు గైడు మొగ్గితే ఆయనను తప్పు పట్టలేము. జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి. అది రానివారికి అడవికి వెళ్లివచ్చే బస్సు చార్జీ కూడా భారమే.

అందువల్ల విశ్వవిద్యాలయాలను, అటవీ శాఖను మేము అడిగేది పెద్ద నిధులు కాదు. పీజీ ప్రాజెక్టులకు విడివిడిగా కాక, విభాగం మొత్తానికి ఏడాది మొదట్లోనే ఒకే దరఖాస్తు మీద అనుమతి ఇవ్వవచ్చు. అడవి అంచున మూడు సంస్థలకూ ఉమ్మడిగా నాలుగు గదుల క్షేత్ర కేంద్రం ఉంటే, ఒకరి కెమెరాలను మరొకరు వాడుకోవచ్చు. ఒక విద్యార్థి రాసిన లెక్కలు తరువాతి ఏడాది విద్యార్థికి అందేలా అక్కడే భద్రపరచవచ్చు. పదేళ్లకు ఆ పుస్తకాలే అటవీ శాఖకు ఆధారమవుతాయి. దారి తెలిసిన స్థానికులను తోడు తీసుకుని వారికి కూలీ చెల్లించాలి. అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో పక్కనే కడప జిల్లాలో మళ్లీ కనిపించింది పిట్టలను పట్టే ఒక పల్లెవాసి వల్లే గదా!

పరీక్షల పట్టిక కూడా కొంచెం కదలాలి. పులికాట్‌కు ఫ్లెమింగోలు చలికాలంలో వస్తాయి. ఆ నెలల్లో రెండో ఏడాది విద్యార్థులకు కనీసం రెండు వారాలు పరీక్షలు లేకుండా వదిలితే, బైనాక్యులర్లు పట్టుకుని సూళ్లూరుపేట బస్సు ఎక్కగలుగుతారు.