ట్యాక్స్ పొగకి వెయ్యండి, బండి వయసుకి కాదు

ఇప్పుడే ఇంటికొచ్చా, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. నాన్నగారి పాత స్కూటర్‌కి గ్రీన్ ట్యాక్స్ (బండి పాతబడితే పొగ పేరుతో వేసే పన్ను) కట్టొచ్చా. కట్టడానికి నాకేం బాధ లేదు, ముందే చెప్తున్నా, గాలి పాడుచేసేవాడు డబ్బు కట్టాల్సిందే. కానీ నేను లైన్లో నిలబడ్డ నలభై నిమిషాలూ పక్కనే ఒక పెద్ద ఎస్‌యూవీ, ఇంజిన్ ఆపలేదు, లోపల ఒక్కడే మనిషి, ఏసీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. సైలెన్సర్ లోంచి వేడి గాలి సరిగ్గా నా మోకాళ్ళకి కొడుతోంది. నా ముందున్నావిడ చంకలో పిల్లాడు ఒకటే దగ్గు, పాపం చున్నీ వాడి ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ బండికి గ్రీన్ ట్యాక్స్ లేదు. ఎందుకంటే కొత్తదట!

మా స్కూటర్ వారానికి ఒక్కసారి బయటికొస్తే గొప్ప. పోయినేడాది మొత్తం కలిపి తొమ్మిది వందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. పాత ఇంజిన్ కిలోమీటరుకి ఎక్కువ పొగ వదులుతుంది, కాదనట్లేదు, కానీ తిరగని కిలోమీటరుకి పొగ ఎక్కడిదండీ? లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, డీజిల్ అయితే 2.6 పైనే, బండి నిన్న కొన్నదైనా ఇరవై ఏళ్ళదైనా అంతే. భూమి వేడెక్కేది లీటర్లని బట్టి, ఆర్సీలో తేదీని బట్టి కాదు.

పోనీ ఒక్క కార్బన్ చూసి వేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. బ్రిటన్‌లో 2001 నుంచి కార్బన్‌ని బట్టి కారు ట్యాక్స్ పెట్టారు, డీజిల్‌కి కిలోమీటరుకి కార్బన్ తక్కువని తక్కువ పడింది, జనం ఎగబడి డీజిల్ కార్లు కొన్నారు, ఆ డీజిల్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులూ మసీ వెళ్ళి పిల్లల ఊపిరితిత్తుల్లో చేరాయి. దానికి తోడు 2015లో కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది, టెస్టులో ఒకలా రోడ్డు మీద ఇంకోలా పొగ వదిలేలా సాఫ్ట్‌వేర్ పెట్టారు. నార్వేలో చూడండి, కారు కొనేటప్పుడే బరువు, కార్బన్, నైట్రోజన్ ఆక్సైడ్లు అన్నీ లెక్కేస్తారు, ఎలక్ట్రిక్‌కి ఏళ్ళ తరబడి మినహాయింపు ఇచ్చారు, 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. (ఎలక్ట్రిక్ అయినా బరువుకి ట్యాక్స్ వెయ్యాల్సిందే అంటాను నేను, టైర్లు అరిగి లేచే దుమ్ము కూడా మనం పీల్చేదే.)

అసలు నా కడుపుమంట వేరే ఉంది. బస్సు! ఆరేళ్ళ కిందట గాలి కోసమనే నా బైక్ అమ్మేసి బస్సుకి మారా. ఎనిమిది నెలలు తిరిగా. గంటసేపు నిలబడితే ఒక బస్సు, అందులో ఫుట్‌బోర్డు మీద కూడా కాలు పెట్టే చోటుండదు. చివరికి మళ్ళీ బైక్ కొనుక్కున్నా, ఆ రోజు షోరూంలో సంతకం పెడుతుంటే నిజంగా ఏడుపొచ్చింది. లండన్‌లో 2003లో కంజెషన్ చార్జి (రద్దీగా ఉండే ఊరి నడిబొడ్డుకి బండి తెస్తే కట్టే డబ్బు) పెట్టినప్పుడు ఆ డబ్బు రవాణాకే ఖర్చుపెట్టాలని చట్టంలోనే రాసుకున్నారు, అదనపు బస్సులు కూడా దింపారు. స్టాక్‌హోమ్‌లో అయితే ముందు బస్సులు పెంచి ఆ తర్వాత 2006లో చార్జి పెట్టి చూశారు, ట్రాఫిక్ ఐదో వంతు దాకా తగ్గింది, ట్రయల్ అయిపోయి చార్జి తీసేయగానే మళ్ళీ పెరిగింది, అప్పుడు జనమే ఓటేసి మళ్ళీ తెచ్చుకున్నారు. బస్సు ఇవ్వకుండా ట్యాక్స్ ఒక్కటే వేస్తే ఉన్నోడు కట్టేసి తిరుగుతాడు, లేనోడు అప్పు చేసి కట్టి తిరుగుతాడు, పొగ మాత్రం తగ్గదు.

రసీదు ముందు పెట్టుకుని కూర్చున్నా. బండి నంబరుంది, తయారైన సంవత్సరం ఉంది, కట్టిన మొత్తం ఉంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసే గడి ఒక్కటీ లేదు. మా స్కూటర్ మీటర్ ఫోటో కింద పెడుతున్నా, మీరూ మీ బండి మీటర్ ఫోటో పెట్టి, కట్టిన ట్యాక్స్ ఎంతో పక్కన రాయండి.