హ్మాంగ్ కుటుంబాలు ఎవరి దయ మీదో బతకడం లేదు

"హ్మాంగ్‌లు మంచి బతుకు వెతుక్కుంటూ అమెరికా వచ్చారు. ప్రభుత్వ సాయంతో బతికేస్తారు. గుంపుగా ఒకేచోట ఉంటారు, ఎవరితోనూ కలవరు." ఆగ్నేయాసియాలోని లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మాంగ్ తెగ వాళ్ళ గురించి తరచూ షేర్ అయ్యే మాటలివి. ఆ కుటుంబాల చరిత్ర కొంచెం తెలిసినా ఇవి నిలవవు.

వాళ్ళు బతుకుతెరువు కోసం రాలేదు. 1960లలో లావోస్ కొండల్లో జనరల్ వాంగ్ పావ్ నాయకత్వాన అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా నడిపిన సైన్యంలో కమ్యూనిస్టులతో పోరాడింది ఎక్కువగా హ్మాంగ్‌లే. కూలిన విమానాల్లోంచి అమెరికన్ పైలట్లను కాపాడిందీ వాళ్ళే. కమ్యూనిస్టులు గెలుస్తున్న 1975 మే నెలలో ఆ సైన్యం ఉండే లాంగ్ చెంగ్ స్థావరం నుంచి విమానాల్లో తీసుకెళ్ళింది కొద్దిమందినే. మిగతావాళ్ళు పసిపిల్లలతో అడవుల్లో నడిచి, మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకు చేరారు. నదిలోనే పోయినవాళ్ళు ఎందరో.

సాయం తీసుకున్న మాట నిజమే. 1990 జనాభా లెక్కల్లో వాళ్ళలో 60 శాతానికి పైగా పేదరికంలో ఉన్నారు. కొండవాలులో వరి పండించుకునేవాళ్ళను, బడి ముఖం చూడనివాళ్ళను అమెరికా ఉత్తరాన ఉన్న మినెసోటా రాష్ట్రపు చలిలో దింపితే మొదట్లో ఇంకేం జరుగుతుంది? ఆ తర్వాత సంగతి మాత్రం ఎవరూ షేర్ చేయరు. మినెసోటాలోని సెయింట్ పాల్ నగరం రైతుబజారుకి వెళితే కూరగాయలు అమ్మేవాళ్ళలో చాలామంది హ్మాంగ్‌లే. టోక్యో ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో స్వర్ణం గెలిచిన సునీ లీ ఆ ఊరి హ్మాంగ్ అమ్మాయే.

"గుంపుగా ఉంటారు" అన్నది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట. మొదట్లో భారం ఒకేచోట పడకూడదని శరణార్థి కుటుంబాలను వేర్వేరు రాష్ట్రాలకు చెదరగొట్టింది ప్రభుత్వమే. కానీ హ్మాంగ్‌ల బతుకంతా వంశాల మీదే నడుస్తుంది. వాంగ్, యాంగ్, షియాంగ్, లీ, మువా ఇలాంటివి. పెళ్ళి మాట్లాడాలన్నా, తగవు తీర్చాలన్నా వంశపెద్దలు ఉండాలి. అంత్యక్రియలైతే రోజుల తరబడి సాగుతాయి: ఆత్మకు దారి చెప్పే పాట తెలిసినవాళ్ళు, వెదురు వాద్యం ఊదేవాళ్ళు, వండిపెట్టేవాళ్ళు కావాలి. పోయినప్పుడు మోయడానికి నలుగురుండాలని మనమూ అంటాం కదా. ఊరికొక్క ఇల్లు చొప్పున పడేస్తే ఆ నలుగురు ఎక్కడ దొరుకుతారు? అందుకే కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో, సెయింట్ పాల్, విస్కాన్సిన్ ఊళ్ళకు తమంతట తామే మళ్ళీ చేరుకున్నారు.

ఎవరితోనూ కలవరట! 2002లో మీ మువా అనే హ్మాంగ్ మహిళ మినెసోటా రాష్ట్ర సెనేట్‌కు గెలిచారు. 2025 నవంబరులో సెయింట్ పాల్ మేయర్‌గా కావోలీ హర్ ఎన్నికయ్యారు. ఆమె కూడా లావోస్‌లో పుట్టి, శరణార్థిగా వచ్చిన హ్మాంగ్ మహిళే. ఆ నగరంలో హ్మాంగ్‌లు మైనారిటీయే, కేవలం వాళ్ళ ఓట్లతో మేయర్ కావడం కుదరదు.