సవరణ: పోలవరం ఆలస్యానికి కారణం కేసులేనా?

పర్యావరణ కేసుల వల్లే పోలవరం ఏళ్ల తరబడి ఆగిపోయిందని మొన్నటి పోస్టులో ఉంది. ఆ వాక్యాన్ని సవరిస్తున్నాను. కేసులు ఉన్న మాట నిజమే, పని ఆగింది మాత్రం ప్రధానంగా వాటివల్ల కాదు.

2005 అక్టోబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ దాన్ని కొట్టేసింది. కారణం చాలా సాదాది. మన వైపు ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు గానీ ముంపు భయం ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఊళ్లలో జరపలేదు. శబరి నది ఒడ్డున ఒడిశాలోని మోటులో, ఛత్తీస్‌గఢ్‌లోని కుంటలో ఉండేవాళ్లను ఒక్క మాట అడగకపోవడం చిన్న విషయమేం కాదు. ఆ ఉత్తర్వును కొద్ది రోజుల్లోనే హైకోర్టు నిలిపేసింది. 2011లో కేంద్రం ఇచ్చిన స్టాప్ వర్క్ (పనులు ఆపమనే) ఆదేశాన్ని కూడా ఆ తర్వాత కేంద్రమే పదేపదే పక్కన పెడుతూ వచ్చింది. ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లినా పనులు సాగుతూనే ఉన్నాయి.

అసలు దెబ్బ వరదల్లో తగిలింది. కాఫర్ డ్యాంలు, అంటే పని జరిగే చోటికి నీరు రాకుండా కట్టే తాత్కాలిక అడ్డుకట్టలు పూర్తికాకముందే గోదావరి పొంగడంతో, ప్రధాన డ్యాం కింద నీరు ఊరకుండా నదీగర్భంలో కట్టిన గోడ (డయాఫ్రం వాల్) కోతకు గురైంది. కొత్త గోడ పని 2025 జనవరిలో గానీ మొదలు కాలేదు. దీనికి తోడు నిధుల పంచాయితీ, లక్షకు పైగా కుటుంబాల పునరావాసం. ఈ నిర్వాసితుల్లో ఎక్కువమంది గిరిజనులు. పరిహారం కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లను ప్రాజెక్టుకు అడ్డుపడ్డవాళ్లుగా ఎవరూ చూడొద్దని మనవి.