పాసా, టికెట్లా? పారిస్ నుంచి రోమ్ దాకా ఒక పంచాయితీ

మే సెలవుల్లో పారిస్‌లో దిగి, స్విట్జర్లాండ్‌లో లూసర్న్, ఆ తర్వాత వెనిస్, ఫ్లోరెన్స్ చూసుకుని రోమ్‌లో విమానం ఎక్కాలని మా ప్లాన్. వెళ్లేది మేమిద్దరం, పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. మ్యూనిక్‌లో ఎంఎస్ చేస్తున్న మా బావమరిది లూసర్న్‌లో కలుస్తాడు. రైళ్లకు యూరైల్ పాస్ (యూరప్ దేశాల రైళ్లన్నిటికీ కలిపి ఒకటే పాస్) కొనాలా, విడివిడిగా టికెట్లు తీసుకోవాలా అన్న దగ్గర మా ఆవిడకీ, వాడికీ, అంటే అక్కాతమ్ముళ్లకు పేచీ వచ్చింది. వీడియో కాల్‌లో సాగిన ఆ వాదన ఇది. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

తమ్ముడు: అక్కా, లెక్కల సంగతి తర్వాత. వీసా వచ్చిందా?

అక్క: ఇంకా స్లాటే దొరకలేదురా.

తమ్ముడు: మరి వాపసు రాని టికెట్లు ఏ ధైర్యంతో కొంటావు? చవక టికెట్లన్నీ అలాంటివే. డబ్బు తిరిగి రాదు, రైలు మార్చుకోనివ్వరు. పాస్ అయితే ఇప్పుడే కొనిపెట్టుకోవచ్చు. యాక్టివేట్ చేయడానికి 11 నెలల టైముంది. వీసా రాకపోతే కొంత కోత పెట్టుకుని మిగతాది వెనక్కి ఇస్తారు.

అక్క: ఆఫర్‌లో కొన్న పాస్‌కి కూడా ఇస్తారా?

తమ్ముడు: ఆ షరతులు చదువుకోవాలనుకో.

అక్క: అదీ విషయం. సరే, నాలుగు రోజుల పాసే అనుకుందాం. నెలలో ఏ నాలుగు రోజులైనా, ఆ రోజు ఎన్ని రైళ్లయినా. మనకున్న పెద్ద ప్రయాణాలూ నాలుగే. అందులో వెనిస్ నుంచి ఫ్లోరెన్స్ రెండు గంటలు, ఫ్లోరెన్స్ నుంచి రోమ్ గంటన్నర. గంటన్నర ప్రయాణానికి ఒక పాస్ రోజు ఖర్చు పెట్టాలా?

తమ్ముడు: పిల్లల సంగతి చూడు. పదకొండేళ్ల దాకా పాస్ ఫ్రీ. చిన్నోడికి పైసా ఖర్చు లేదు.

అక్క: పెద్దదానికి?

తమ్ముడు: పన్నెండు దాటింది కాబట్టి యూత్ పాస్. తగ్గింపు ధర.

అక్క: పైగా పాస్ చేతిలో ఉంటే సరిపోదు కదా! లూసర్న్ దారిలో పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వెళ్లే టీజీవీకి, అదే ఫ్రాన్స్ హైస్పీడ్ రైలుకి, సీటు రిజర్వేషన్ కావాలి. వెనిస్ దారిలో స్విట్జర్లాండ్ నుంచి మిలాన్ వెళ్లే యూరోసిటీ ఎక్స్‌ప్రెస్‌కి కావాలి. మిలాన్ నుంచి వెనిస్ వెళ్లే ఇటలీ హైస్పీడ్ రైలు ఫ్రెచ్చారోస్సాకి కావాలి. తలకి ఇంత అని విడిగా కట్టాలి, పాస్ ఫ్రీగా వచ్చిన చిన్నోడికి కూడా. టీజీవీలో పాస్ ఉన్నవాళ్లకు కేటాయించే సీట్లే తక్కువ. అవి అయిపోతే మామూలు టికెట్లు అమ్ముతూనే ఉంటారు, మనం మాత్రం పాస్ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. ఇటలీలో ఇటాలో కంపెనీ రైళ్లలోనైతే ఈ పాసే చెల్లదు.

(ఇక్కడ మావాడు కాసేపు నీళ్లు తాగాడు.)

తమ్ముడు: నువ్వు చెప్పేది ఫ్రాన్స్, ఇటలీ సంగతి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లోపల చాలా రైళ్లకు రిజర్వేషన్ గొడవే లేదు. మన జనరల్ బోగీలా ఎక్కి కూర్చోవడమే, తోపులాట ఒక్కటి తక్కువ. లూసర్న్‌లో పొద్దున లేచి చూస్తే మబ్బు పట్టి ఉంటుంది. టిట్లిస్ కొండ ఎక్కినా పొగమంచు తప్ప ఏమీ కనబడదు. అప్పుడు ఫలానా రైలుకే అని కొన్న టికెట్ ఏం చేస్తావు?

అక్క: లూసర్న్‌లో ఉండే ఆ మూడు రోజులకు నీ పాస్ ఎందుకురా? స్విస్ హాఫ్ ఫేర్ కార్డ్ ఉంది. నెల రోజులు రైళ్లు, పడవలు సగం ధరకే. టిట్లిస్‌కీ సగమే. ఆ కార్డు తీసుకుంటే పిల్లలకు ఫ్యామిలీ కార్డు ఉచితం. పదహారు నిండేదాకా అమ్మానాన్నలతో ఊరికే రావచ్చు. నీ లెక్కలో టికెట్ పడ్డ పెద్దది ఇక్కడ ఫ్రీ.

తమ్ముడు: ...అది నాకు తట్టలేదు.

(వాడు తెలివైనవాడే. కానీ స్టూడెంట్ కదా, ఎప్పుడూ ఒక్కడికే లెక్క వేసుకుంటాడు.)

అక్క: అసలు నువ్వు ఏ పాస్ కొంటున్నావు?

తమ్ముడు: యూరైల్ నాకివ్వరు. యూరప్‌లో ఉండేవాళ్లం ఇంటర్‌రైల్ కొనుక్కోవాలి. అది కూడా జర్మనీ లోపల బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారే చెల్లుతుంది. అయినా నాకు లాభమే. మిమ్మల్ని రోమ్‌లో విమానం ఎక్కించాక వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్ తిరిగి వస్తాను. ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉంటానో నాకే తెలియదు. చివర్లో సాల్జ్‌బర్గ్ చేరితే చాలు. అక్కణ్ణుంచి మ్యూనిక్‌కి నా డాయ్చ్‌లాండ్‌టికెట్ (జర్మనీ లోకల్ రైళ్ల నెలవారీ పాస్) మీదే లోకల్ రైళ్లలో ఇంటికొచ్చేస్తాను.

అక్క: నీకైతే పాసే కరెక్ట్. నీకు హోటల్ బుకింగ్ లేదు, ఇద్దరు పిల్లలు లేరు, నాలుగు సూట్‌కేసులు లేవు. మాకు వీసా ఫైల్‌లోనే ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటామో రాసి ఇవ్వాలి. తేదీలు ముందే ఖాయమైపోయినవాళ్లకు ఎప్పుడైనా ఎక్కే స్వేచ్ఛ అమ్మితే ఏం లాభం?

తమ్ముడు: తేదీలు ఖాయం, వీసా ఖాయం కాదు. టీజీవీ రేట్లు రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి. స్టాంపు పడేదాకా ఆగితే చవక టికెట్లు అయిపోతాయి. దీనికేమంటావు?

(మొత్తం వాదనలో నాకు నిజంగా టెన్షన్ పెట్టిన ప్రశ్న ఇదే.)

అక్క: నాలుగు టికెట్లనీ ఒకే గాటన కట్టకు. పారిస్ రైలు ఒక్కదానికి మార్చుకునే, రద్దు చేసుకునే వీలున్న టికెట్ ఇప్పుడే తీసుకుంటాను. రేటు ఎక్కువే, కానివ్వు. ఇటలీలో గంటకు ఎన్నో రైళ్లు, పైగా రెండు కంపెనీల పోటీ. అవి వీసా వచ్చాక చూస్తాను. ధర మరీ మండిపోతే నిదానంగా వెళ్లే రీజనల్ రైలు ఎక్కుతాం. దాని రేటు చివరి రోజుకీ మారదు.

తమ్ముడు: రీజనల్‌కి కాగితం టికెట్ తీసుకుంటే ప్లాట్‌ఫారం దగ్గరున్న మెషీన్‌లో పెట్టి స్టాంపు వేయించాలి. మర్చిపోతే ఫైన్. బావకి చెప్పు.

అక్క: బావకి నేను చెప్తాలే. లూసర్న్ నుంచి వెనిస్ మాటేంటి? ఆ రోజు నువ్వూ మాతోనే కదా?

తమ్ముడు: మీతోనే, కానీ నాకు పాస్ ఉంది. యూరోసిటీకి నా సీటు రిజర్వేషన్ నేను చేసుకుంటాను.

అక్క: చేసుకో. మా నలుగురికీ ఎదురెదురు సీట్లు తీసుకున్నాక నంబర్లు పంపుతాను, పక్కనే చూసుకో. మిలాన్‌లో రైలు మారేటప్పుడు రెండు సూట్‌కేసులు నీవి.