ముడతలు పడితేనే కళ

మా నెల్లూరు జిల్లాలో ఫోటోలు తీసేవాళ్లకు కొదవ లేదు. కళాకారులే తక్కువ. ఈ తేడా నాకు మొన్నటిదాకా తెలీదు. ఫోటో అంటే మనిషిని గుర్తుపట్టేలా ఉండాలి, కళ్లు మూసుకోకూడదు, అంతే అనుకునేవాణ్ని. ఆ అజ్ఞానం నేలపట్టులో వదిలింది.

చలికాలంలో అక్కడి చెరువు చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. వాటికోసం మా బంధువుల్లో ఒక కళాకారుడు దిగాడు. పక్షులు బెదరకుండా ఆకుల బొమ్మల చొక్కా వేసుకున్నాడు. జేబులో ఫోన్ మాత్రం గట్టిగా మోగుతూనే ఉంది. లెన్సు ఫిరంగిలా ఉంది. అది మోయడానికి నన్ను పెట్టుకున్నాడు కాబట్టి బరువు సంగతి నేను సాధికారంగా చెప్పగలను.

1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేదట. మావాడి కెమెరా సెకనుకు 20 తీస్తుంది. అంటే ఆ 23 సెకన్లలో 460. గూడబాతు మాత్రం ఒక్కసారే రెక్క విదిల్చింది. తర్వాత ఇంటికెళ్లి 459 తీసేస్తాడు. కళంతా అందులోనే ఉందంటాడు. నా పెళ్లికి మూడు రీళ్లు, రీలుకు 36 బొమ్మలు. ఒక్కటీ తీసేయలేదు. తాళి కట్టేటప్పుడు అడ్డమొచ్చిన మా మేనమామ వీపుతో సహా ఆల్బంలో ఉంది. పాపం, ఆ ఫోటోగ్రాఫర్‌కు కళ తెలీదు.

తీసేయడం కళాకారుడికి మొదటి పరీక్షయితే, రెండోది స్వచ్ఛత. నిజమైన కళాకారుడు ఎడిటింగ్ ముట్టడు, ముట్టినా ఒప్పుకోడు. పులికాట్‌లో ఫ్లెమింగోల గుంపు తీసి, "రంగు ఏమాత్రం పెంచలేదు, ఉన్నదున్నట్టు" అని మావాడు ప్రమాణం చేశాడు. నిజమే కావచ్చు. కానీ ఫ్లెమింగో పిల్ల బూడిద రంగులో ఉంటుంది. నాచూ, ఉప్పునీటిలోని చిన్న చిన్న ప్రాణులూ తిని తిని గులాబీ రంగెక్కుతుంది. అంటే పక్షే ఎడిట్ చేసుకుని వచ్చి నిలబడింది. ఈ మాట అన్నందుకు సూళ్లూరుపేట దాకా నాతో మాట్లాడలేదు.

ట్రంక్ రోడ్డు స్టూడియోలో ఒకాయన ఉండేవాడు. ఫోటోలు కడిగే ఎర్ర బల్బు గదిలోంచి హైపో మందు వాసనతో బయటికొచ్చేవాడు. నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గీసి మా నాన్న మొహం మీది అమ్మవారి మచ్చలు మాయం చేశాడు. ఆయన్ను ఎవరూ కళాకారుడనలేదు, ఫోటోలాయన అన్నారు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ నల్లగా చేస్తూ పోయాడు. ఆయన మహా కళాకారుడు. నాన్న మొహం స్థానంలో ఆకాశం ఉండుంటే మా ఫోటోలాయన దశ కూడా తిరిగేదేమో.

అసలు పరీక్ష మా పెద్దమ్మ ఇంట్లో జరిగింది. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మావాడికి ఆ ముడతలు చూడగానే పూనకం వచ్చింది. కెమెరా చూసి ఆమె లోపలికి పరిగెత్తింది. పట్టుచీర, కమ్మలు, తలకు నూనె.

"వద్దు పెద్దమ్మా! పాత చీరే కట్టుకో. తల చెరుపుకో. నవ్వొద్దు."

"ఏంది సామీ, నేనేమన్నా చచ్చినానా నవ్వకుండా ఉండేదానికి?"

బతిమాలి కూర్చోబెట్టాడు. బొమ్మను నలుపు తెలుపు చేసి, కింద మూలన తన సంతకం పెట్టి, 'నిరీక్షణ' అని పేరు పెట్టి లోకం మీదికి వదిలాడు. ఆ కళ్లలో తరతరాల వేదన ఉందని ఒకరు, కరువు సీమ కన్నీరని ఇంకొకరు రాశారు. పొయ్యి మీద చేపల పులుసు ఉంది. మామిడికాయ ముక్కలు వేసే వేళ దాటిపోతోంది. ఆమె నిరీక్షించింది వీడు ఎప్పుడు లేస్తాడా అని. అయినా మూడెకరాల మాగాణి ఉన్న మనిషిని కరువు సీమలోకి నెట్టడానికి ఎంత కళ కావాలి!

ప్రింటు ఫ్రేము కట్టించి తెచ్చిస్తే ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "లక్షలు పోసి కొన్నాడంటివే, రంగు పడేది దొరకలేదా?" అని నన్నడిగింది. ఫ్రేము బాగుందని మెచ్చుకుంది.

వారం తర్వాత వెళ్తే ఆ ఫ్రేములో వేరే ఫోటో ఉంది. మనవడు ఫోన్‌లో తీశాడట. పట్టుచీర, కమ్మలు, నోటి నిండా నవ్వు. ఫోన్ తనంతట తానే ముడతలన్నీ నున్నగా తుడిచేసింది. ముప్పై ఏళ్ల కింద పోయిన పెదనాయన స్టూడియో ఫోటో పక్కనే మేకు కొట్టి తగిలించింది.

"ఇందులో మరీ చిన్నదానిలా ఉన్నావు పెద్దమ్మా" అన్నాను.

"మీ పెదనాయన గుర్తుపట్టొద్దా మరి?" అంది.