మైకోఫెనోలేట్ గురించి ఒక్క ముక్కేనా?

కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందులపై మీ వ్యాసం బాగుంది. కానీ మైకోఫెనోలేట్ గురించి "రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ తగ్గించే తీరు తెలిస్తే ముచ్చటేస్తుంది.

మన కణాలు ప్యూరిన్లు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు కావాల్సిన ముడిసరుకు) తయారుచేసుకునేటప్పుడు ముందు ఐఎంపీ అనే పదార్థం వస్తుంది. అక్కడ దారి చీలి ఒకటి ఏఎంపీ అనే ప్యూరిన్ వైపు, ఇంకోటి జీఎంపీ అనే ప్యూరిన్ వైపు పోతుంది. జీఎంపీ వైపు మొదటి అడుగు ఐఎంపీ డీహైడ్రోజనేజ్ అనే ఎంజైమ్‌ది. ఎన్‌ఏడీ అనే సహాయక అణువుతో అది ఐఎంపీని ఎక్స్‌ఎంపీ అనే మధ్య పదార్థంగా మారుస్తుంది. పని సగంలో ఉండగా, అంటే ఎక్స్‌ఎంపీ ఇంకా ఎంజైమ్‌ను వదలకముందే, ఎన్‌ఏడీ ఖాళీ చేసిన చోట మందు దూరి కూర్చుంటుంది. అంతే, ఎంజైమ్ ఆగిపోతుంది.

మరి ఒంట్లో మిగతా కణాల సంగతి? చాలావాటికి పాత ప్యూరిన్లను తిరిగి వాడుకునే వీలుంది. విభజన మొదలైన టీ, బీ లింఫోసైట్లకు (రోగనిరోధక పని చేసే తెల్ల రక్తకణాలకు) మాత్రం కొత్తగా తయారీ తప్పదు. అది ఆగితే వాటి విభజన ఆగి, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. పైగా ఈ ఎంజైమ్ రెండు రకాల్లో, వాటిలో పెరిగే టైప్ 2పై ఈ మందు టైప్ 1 మీదకంటే దాదాపు 5 రెట్లు బలంగా పనిచేస్తుంది. 1893లో ఇటలీలో గోసియో అనే శాస్త్రవేత్త బూజు నుంచి తీసిన మైకోఫెనోలిక్ ఆమ్లమే, ఒంట్లోకి వెళ్లాక ఆ ఆమ్లంగా మారే రూపంలో, 1995లో అమెరికాలో కిడ్నీ మార్పిడికి మందుగా ఆమోదం పొందింది.

ఒక హెచ్చరిక మాత్రం దయచేసి వ్యాసంలో చేర్చండి. ఇది గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు గర్భం దాల్చడానికి కనీసం 6 వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడి వేరే మందుకు మారాలి, సొంతంగా మానేయకూడదు.